ఆత్మస్తుతి నుంచి ఆత్మనింద వరకు: జే-జీ ‘4:44’ ఆల్బమ్ – నిర్మాణం, ఆదరణ

ప్రవేశిక

ర్యాప్ కవిత్వానికి ఆత్మస్తుతి ప్రాణం వంటిది. 1970ల్లో న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో హిప్ హాప్ రూపుదిద్దుకున్ననాటి నుంచి ర్యాపర్ తన పేరును, వాక్చాతుర్యాన్ని, సంపదను, ప్రత్యర్థులపై సాధించిన గెలుపును చాటుకుంటూనే వేదికనెక్కాడు. ఈ చాటింపును కేవలం అహంకారంగా భావించడం సమంజసం కాదు. పేరుకూ ఆస్తికీ గౌరవానికీ దూరంగా ఉంచబడిన నల్లజాతి, లాటినో యువత తన ఉనికిని ప్రకటించుకోవడానికి ఏర్పరచుకున్న కవిసమయం అది. అయితే ఈ కవిసమయం యౌవనంలో పుట్టింది, యౌవనానికే ఒదిగింది. యాభయ్యో ఏటికి చేరువై, అపార సంపదను గడించి, ముగ్గురు బిడ్డలకు తండ్రి అయిన ర్యాపర్ అదే స్వరంతో ఏమి చెప్పగలడు? చెప్పినా అందులో ఔచిత్యం ఎంత? హిప్ హాప్‌తోపాటు వయసు మీదపడిన తొలి తరం కళాకారులందరికీ ఎదురైన ప్రశ్న ఇది.

2017 జూన్ 30న విడుదలైన జే-జీ పదమూడవ స్టూడియో ఆల్బమ్ ‘4:44’ ఈ ప్రశ్నకు ఆత్మనిందతో సమాధానం చెప్పింది. ఆ ఆత్మనిందకు విశ్వసనీయత ఎక్కడి నుంచి వచ్చింది, అది ఎక్కడ సడలింది అనే అంశాలను ఆల్బమ్ నిర్మాణం, ఆదరణల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

నేపథ్యం

జే-జీ అసలు పేరు షాన్ కార్టర్. 1969 డిసెంబరు 4న జన్మించి, న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్సీ హౌసెస్ అనే ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగాడు. మాదకద్రవ్యాల వీధి వ్యాపారం నుంచి పాటకు వచ్చాడు. 1996లో వచ్చిన తొలి ఆల్బమ్ ‘రీజనబుల్ డౌట్’ ఆ జీవితాన్నే వస్తువుగా గ్రహించింది. 2003లో ‘ది బ్లాక్ ఆల్బమ్’తో విరమణ ప్రకటించి, 2006లో తిరిగి వచ్చాడు. 2013 నాటి ‘మాగ్నా కార్టా హోలీ గ్రెయిల్’లో చిత్రకళా సేకరణ, విలాసజీవితం ప్రధాన వస్తువులయ్యాయి. విజేత తన విజయాన్ని మళ్లీ మళ్లీ వల్లించవలసి వచ్చినప్పుడు ఆత్మస్తుతి ఎంతగా వన్నె తగ్గుతుందో ఆ ఆల్బమ్ చూపింది.

2016లో ఆయన భార్య, ప్రసిద్ధ గాయని బియాన్సే ‘లెమనేడ్’ ఆల్బమ్‌ను వెలువరించింది. దాంపత్య ద్రోహానికి గురైన స్త్రీ సందేహం, ఆగ్రహం, క్షమ అనే దశలను దాటి రావడం దాని ఇతివృత్తం. శ్రోతలు అందులోని భర్తను జే-జీగానే గుర్తించారు. ఈ విధంగా ‘4:44’ వెలువడడానికి ముందే దాని కథలో ఒక భాగాన్ని మరొకరు చెప్పి ఉన్నారు. ఇది మొదటి మాట కాదు, ప్రత్యుత్తరం. తొలి వాక్కు స్త్రీది. ఈ ఆల్బమ్ నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి ఈ క్రమం కీలకం.

నిర్మాణం: ఒక నిర్మాత, పది పాటలు

అగ్రశ్రేణి ర్యాప్ ఆల్బమ్‌లలో పాటకొక సంగీత నిర్మాత ఉండడం పరిపాటి. ‘4:44’లోని పది పాటలకూ ప్రధాన నిర్మాత ఒక్కరే. షికాగోకు చెందిన నో ఐ.డి. అనే ఆ నిర్మాత 1990ల్లో కామన్ ఆల్బమ్‌లతో పేరు పొందాడు. కాన్యే వెస్ట్‌కు గురుస్థానీయుడు. ఆల్బమ్ మొత్తం నిడివి 36 నిమిషాలు మాత్రమే. జే-జీకి ఇష్టమైన పాత పాటల నుంచే చాలావరకు స్వరఖండాలను ఎంచుకుని, వాటిని వాద్యాల మాదిరిగా మీటుతూ నో ఐ.డి. బాణీలు కట్టాడు.

పూర్వగీతంలోని ఒక ఖండాన్ని తీసి కొత్త గీతంలో పొదిగే పద్ధతిని శాంపిలింగ్ అంటారు. సాధారణంగా దీనిని లయకూ నాదానికీ సంబంధించిన సాంకేతిక ప్రక్రియగా పరిగణిస్తారు. ఈ ఆల్బమ్‌లో మాత్రం అది సంభాషణగా పరిణమించింది. ర్యాపర్ ఒక మాట అంటాడు; పాత గొంతు దానికి బదులిస్తుంది, కొన్నిచోట్ల నిలదీస్తుంది. ఆ గొంతులలో అధికభాగం స్త్రీలవి కావడం గమనార్హం. ‘ది స్టోరీ ఆఫ్ ఓ.జే.’, ‘కాట్ దెయిర్ ఐస్’ పాటలలో నీనా సిమోన్, శీర్షిక గీతంలో హన్నా విలియమ్స్, ‘ఫ్యామిలీ ఫ్యూడ్’లో క్లార్క్ సిస్టర్స్, ‘బ్యామ్’లో జమైకా గాయని సిస్టర్ నాన్సీ, ‘మూన్‌లైట్’లో ఫ్యూజీస్ బృందగీతం ద్వారా లారిన్ హిల్ వినిపిస్తారు. ‘స్మైల్’ చివర జే-జీ తల్లి గ్లోరియా కార్టర్ స్వయంగా మాట్లాడుతుంది. ఈ ఏడు పాటలలో పురుషుని పక్కన స్త్రీ స్వరం సాక్షిగా నిలిచింది.

ఆత్మనింద స్వరూపం

తెలుగు పాఠకునికి ఆత్మనింద కొత్త ప్రక్రియ కాదు. శతక సాహిత్యంలో, ముఖ్యంగా ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలో, కవి తన భోగలాలసతను తానే ఎత్తిచూపుకుంటాడు, రాజసేవను గర్హిస్తాడు. అయితే శతకకవి ఎదుట మకుటరూపంలో దైవం ఉంటుంది. వినేవాడు కరుణామయుడనే విశ్వాసం ఆ నిందకు ఆసరా. జే-జీ ఆత్మనిందకు అటువంటి శ్రోత లేదు. ఆయన సంబోధించేది గాయపడిన భార్యను, ఇంకా ఏమీ తెలియని బిడ్డలను, తన్ను తాను. క్షమాపణ దొరుకుతుందన్న హామీ ఈ ముగ్గురిలో ఎవరి నుంచీ లేదు. ఈ అనిశ్చితియే ఆల్బమ్ ఉత్తమ భాగాలకు బలం.

మొదటి పాట ‘కిల్ జే జీ’లో కవి తన రంగస్థల నామాన్ని ఎదుట నిలబెట్టుకుని దానిని అంతం చేయాలని సంకల్పిస్తాడు. హింస, మొండితనం, ద్రోహం అన్నీ ఆ వేషానికి చెందినవిగా లెక్క తేలుస్తాడు. ఆత్మస్తుతికి ఆధారమైన పేరే ఇక్కడ నిందాపాత్రమయింది. ఆల్బమ్ తక్కిన భాగమంతా ఈ పేరు వెనుక మిగిలిన మనిషి ఎవరన్న అన్వేషణ.

శీర్షిక గీతం ఆల్బమ్‌లో ఐదవది. తెల్లవారుజామున 4 గంటల 44 నిమిషాలకు మెలకువ వచ్చి దీనిని రాసినట్లు జే-జీ చెప్పుకున్నాడు. పాట నిడివి కూడా 4 నిమిషాల 44 సెకన్లే. భార్యకు చేసిన ద్రోహం, పోగొట్టుకున్న శిశువులు, రేపు పిల్లలు నిజం తెలుసుకుని అడిగితే చెప్పవలసిన సమాధానం ఇందులోని విషయాలు. ఆయన ర్యాప్‌కు పేరు తెచ్చిన శ్లేష, అంత్యప్రాసల వైచిత్రి ఇక్కడ గణనీయంగా తగ్గాయి. వాక్యాలు లయను దాటి పొర్లుతాయి. కొన్ని పాదాలు వచనానికి దగ్గరగా జారిపోతాయి. నైపుణ్యం లోపించి జరిగిన పని కాదిది. అలంకారం ఎక్కువైతే క్షమాపణ ప్రదర్శనగా మారుతుందన్న ఎరుక దీని వెనుక ఉంది.

ఈ పాటలో వినిపించే హన్నా విలియమ్స్ గొంతు మరొక విశేషం. మూలగీతంలో ప్రేమను సరిగా నిలుపుకోలేకపోతున్నానని ఒప్పుకునేది స్త్రీయే. ఆ ఒప్పుకోలును నో ఐ.డి. పురుషుని అంతరాత్మగా మార్చాడు. ర్యాపర్ చెప్పలేక ఆగిన చోట ఆ గొంతు అందుకుని తీవ్రస్థాయికి చేరుతుంది. కనుక ఇక్కడి కరుణరసానికి జే-జీ మాట విభావమైతే, విలియమ్స్ ఆర్తనాదం అనుభావం. ఒకదానిని విడదీస్తే రెండవది నిలవదు.

‘స్మైల్’ పాటలో ఆత్మకథ తల్లి కథగా విస్తరించింది. స్త్రీని ప్రేమించే తన స్వభావాన్ని ఏళ్ల తరబడి దాచుకుని నలుగురు పిల్లలను పెంచిన తల్లి బాధను కుమారుడు బహిరంగంగా గౌరవిస్తాడు. పురుషాధిక్యం, స్వలింగ ప్రేమపై ఏవగింపు చిరకాలంగా పాతుకుపోయిన ర్యాప్ ప్రపంచంలో, అగ్రస్థానంలో ఉన్న కళాకారుడు ఈ మాట అనడం సామాన్య విషయం కాదు. అంతకంటె ముఖ్యమైనది చివర మైకు ఆమె చేతికి రావడం. తల్లి గురించి కుమారుడు చెప్పిన మాటపై చివరి మాట ఆమెదే.

ధనోపదేశం: స్వరం సడలిన చోటు

ఆల్బమ్‌లో రెండవ ప్రధాన వస్తువు సంపద. ‘ది స్టోరీ ఆఫ్ ఓ.జే.’లో జే-జీ రెండు పనులు చేస్తాడు. నల్లజాతివారు ఎంత ఎదిగినా, ఏ వర్ణచ్ఛాయకు చెందినా, సమాజం వారిని ఒకే దృష్టితో చూస్తుందని మొదట చెబుతాడు. మార్క్ రోమనెక్‌తో కలిసి రూపొందించిన దృశ్యరూపం, ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో నల్లవారిని హేళన చేసిన కార్టూన్ శైలిని తిరగేసి ఈ భావాన్ని మరింత పదును చేసింది. ఆ తర్వాత భవనాలు, చిత్రపటాలు కొని విలువ పెరిగేదాకా ఉంచుకోవాలని హితవు పలుకుతాడు. బ్రూక్లిన్‌లోని డంబో ప్రాంతంలో చవకగా వచ్చిన భవనాన్ని వదులుకున్నందుకు విచారిస్తాడు.

ఈ రెండు భావాల మధ్య అతుకు బలహీనమైనది. దీనిని మూలగీతమే బయటపెడుతుంది. 1966 నాటి ‘ఫోర్ విమెన్’లో నీనా సిమోన్ వేర్వేరు వర్ణచ్ఛాయలున్న నలుగురు స్త్రీలను ఉత్తమ పురుషలో మాట్లాడించింది. ప్రతి స్త్రీ తన దేహాన్ని, బతుకును చెప్పి చివర తన పేరు చెబుతుంది. జే-జీ పాటలో ప్రధానంగా మిగిలింది చర్మపు రంగును చెప్పే మాటలే. పల్లవిలో మనుషులు వర్గాలుగా, రకాలుగా వస్తారు, పేర్లతో రారు. కష్టజీవులైన ఆ నలుగురు స్త్రీలలో ఎవరికీ భవనం కొనే హితవు పనికిరాదు. వినిపిస్తున్న సాక్షిస్వరాన్ని కవి ఇక్కడ వినలేదు. ఆత్మనింద ఉపదేశంగా మారి, ఉపదేశం మళ్లీ ఆత్మస్తుతిగా మారింది.

ఈ చర్చకు దీర్ఘచరిత్ర ఉంది. ఆర్థిక స్వావలంబన ద్వారా గౌరవం అన్న బుకర్ టి. వాషింగ్టన్ మార్గాన్ని డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్స్ 1903లోనే విమర్శించాడు. 1930ల నుంచి నల్లజాతి వాడలకు గృహరుణాలను నిరాకరించిన విధానాలు వారికి ఆస్తి సమకూరే దారినే మూసివేశాయి. ఇటువంటి వ్యవస్థాగత అన్యాయానికి వ్యక్తిగత పొదుపు, పెట్టుబడి పరిష్కారాలు కాజాలవన్నది వామపక్ష విమర్శకుల వాదం. అయితే ఆస్తి నిరాకరించబడిన జాతికి ఆస్తి గురించిన మాట కేవలం లోభం కాదన్న ప్రతివాదాన్నీ తోసిపుచ్చలేము. చివరి పాట ‘లెగసీ’ ఈ రెండవ వాదానికి బలమిస్తుంది. వీలునామా అంటే ఏమిటని కుమార్తె అడిగే ప్రశ్నతో అది మొదలవుతుంది. మళ్లీ ఒక స్త్రీ స్వరం, పసిగొంతుక, ఎదుట ఉండడం వల్ల అక్కడ సంపద ప్రదర్శనగా కాక బాధ్యతగా ధ్వనించింది.

ఆదరణ

ఆల్బమ్ మొదట జే-జీకి వాటా ఉన్న టైడల్ సంగీత వేదికపై, టెలిఫోన్ సంస్థ స్ప్రింట్ భాగస్వామ్యంతో వెలువడింది. ఆ ఏడాది జనవరిలోనే స్ప్రింట్ టైడల్‌లో 33 శాతం వాటా కొన్నది. విడుదలైన వారంలోపే, స్ప్రింట్ కొనుగోళ్ల ఊతంతో, ఆల్బమ్‌కు ప్లాటినం ధ్రువీకరణ లభించింది. మరుసటి వారం ఇతర వేదికలకు చేరిన తర్వాత బిల్‌బోర్డ్ 200 జాబితాలో ప్రథమస్థానం పొంది, జే-జీకి పద్నాలుగవ అగ్రస్థాన ఆల్బమ్ అయింది. యాజమాన్యాన్ని బోధించే ఆల్బమ్ విడుదలలోనూ యాజమాన్యాన్ని ఆచరించింది. కానీ చందాదారులు కానివారు తొలివారం దీనికి దూరమయ్యారు. సమాజానికి చెప్పదలచిన మాట ముందుగా వినియోగదారులకే చేరడం గమనించదగ్గ వైరుధ్యం.

విమర్శకులు అధికసంఖ్యలో దీని నిజాయితీని, క్లుప్తతను ప్రశంసించారు. అభ్యంతరాలు కూడా వచ్చాయి. ‘ది స్టోరీ ఆఫ్ ఓ.జే.’లో యూదుల ఆస్తి గురించిన పాదం పాత అపోహలకు ఊతమిస్తుందని యాంటీ-డిఫమేషన్ లీగ్ ఆందోళన వ్యక్తం చేసింది. దురుద్దేశాన్ని మాత్రం ఆపాదించలేదు. భార్య వేదనకు కారకుడే దాని పశ్చాత్తాపం ద్వారా కీర్తి, ధనం పొందడం న్యాయమా అన్న ప్రశ్న కొందరు స్త్రీవాద విమర్శకుల నుంచి వినవచ్చింది. పశ్చాత్తాపం కూడా మార్కెట్‌లో సరుకు అయిన స్థితిలో ఈ ప్రశ్న న్యాయమైనదే. 2018 జూన్‌లో దంపతులిద్దరూ ‘ది కార్టర్స్’ పేరుతో ‘ఎవ్రీథింగ్ ఈజ్ లవ్’ వెలువరించినప్పుడు విజయోత్సాహం తిరిగి రావడం ఆ సందేహాన్ని బలపరచింది.

2018 జనవరి గ్రామీ పురస్కారాలకు జే-జీ పేరు అందరికంటె ఎక్కువగా, ఎనిమిది విభాగాలలో పరిశీలనకు వచ్చింది. ఒక్కటీ దక్కలేదు. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ పురస్కారం కెండ్రిక్ లమార్ ‘డ్యామ్’కు లభించింది, ఆ ఏప్రిల్‌లో అదే ఆల్బమ్ పులిట్జర్ బహుమతి కూడా పొందింది. దీనిని పాత తరం పరాజయంగా కొందరు వ్యాఖ్యానించారు. కాని ‘డ్యామ్’ కూడా భయం, వినయం, అహంకారం వంటి భావాలపై ఆత్మపరీక్షే. రెండు తరాల అగ్రకవులు ఒకే ఏడాది ఆత్మస్తుతిని ప్రశ్నించడం పురస్కారాల జయాపజయాల కంటె ప్రధానమైన పరిణామం.

ముగింపు

‘4:44’ సాధించినది విషయనవ్యత మాత్రమే కాదు. వార్ధక్యపు తొలిమెట్టుపై నిలిచిన ర్యాపర్‌కు ఒక కావ్యరూపం సాధ్యమని అది నిరూపించింది. ఒంటరి ‘నేను’ను ఇతర స్వరాల ముందు నిలబెట్టి, వాటి నిలదీతకు అవకాశమివ్వడమే ఆ రూపం. భార్య, తల్లి, కుమార్తె, పూర్వగాయనుల గొంతులను ‘నేను’ విన్న పాటలలో ఆత్మనింద సత్యంగా ధ్వనించింది. వాటిని కేవలం నాదంగా వాడుకున్న చోట పాత ఆత్మస్తుతి కొత్త దుస్తులలో తిరిగివచ్చింది. ఆల్బమ్ గుణదోషాలు రెండింటికీ మూలం ఇదే. ర్యాప్ పాఠాన్ని అచ్చులో చదివి విశ్లేషించే పద్ధతికి ఈ ఫలితం దొరకదు. మాటను, దాని వెనుక పలికే గొంతును కలిపి వినే విమర్శపద్ధతి హిప్ హాప్ అధ్యయనానికి అవసరమని ‘4:44’ స్పష్టం చేస్తున్నది.