పులికాటు నీటి లోతులు, పక్షుల నెలవులు

సూళ్ళూరుపేటలో బస్సు దిగి పక్షులెక్కడ యని అడిగినవారికి ఆ యూరివారు తూర్పు దిక్కు చూపుదురు. ఆ సమాధానమున అసత్యమేమియు లేదు. అయితే తూర్పున నున్నది చిన్న చెఱువు కాదు, చిలికా తరువాత మన దేశమున రెండవదిగా ఎన్నబడు ఉప్పునీటి సరస్సు. వందలాది చదరపు కిలోమీటర్ల మేర పరచుకొన్న ఆ పులికాటు నీటిలో తెల్లనివి, గులాబి వన్నెవి, నల్లనివి అయిన చుక్కలను దూరమునుండి చూచి, అంతటితో తృప్తిపడి మరలిపోవువారే ఎక్కువమంది. ఏ పక్షి ఎచ్చట దొరకునను ప్రశ్నకు ఊరి పేరు సగము సమాధానము మాత్రమే. తక్కిన సగము ఆ పక్షి కాలి పొడవునందును, ముక్కు ఆకృతియందును, అది నిలిచిన నీటి లోతునందును ఉన్నది. ఈ మూడింటి పొందికను గ్రహించినవాడు పక్షిని వెదకుచు ఊరక తిరుగనక్కఱలేదు. నీటిని చూచి, ఇచ్చట ఫలానా పక్షి ఉండవలెనని ఊహించి, కొంతసేపు కనిపెట్టుకొని యుండిన చాలును. పక్షిదర్శనమను విద్యకు మూలసూత్రమిదియే యని నా అభిప్రాయము.

పులికాటు నీటిమట్టము ఏడాది పొడవునను ఒక్క తీరుగ నుండదు. ఈశాన్య ఋతుపవనములు అక్టోబరునుండి డిసెంబరు వఱకు కురియించు వర్షములు, కాళంగి, ఆరణి మొదలగు ఏళ్ళు తెచ్చు వఱదనీరు, ముఖద్వారముల గుండ లోనికి వచ్చు సముద్రపుపోటు, ఈ మూడును కలసి సరస్సును నింపును. సంక్రాంతి దాటిన పిదప నీరు తీయుట మొదలిడును. ఎండలు ముదిరిన కొలది ఉప్పదనము హెచ్చి, ఉత్తరభాగమున అడుగు బయటపడి, వేసవికి అది పగుళ్ళువారిన బురదనేల యగును. ఇట్లు నీరు తీయుటవలననే అంచులు వెనుకకు జరుగుచు, నిన్న మోకాలిలోతున్నచోట రేపు చీలమండలోతై, ఒక జాతి విడిచిన తావును మఱియొక జాతి ఆక్రమించుచుండును. అందుచేత, గత సంవత్సరము ఇచ్చటనే చూచితినని పట్టుపట్టి అదే మైలురాయికడ నిలుచువాడు నిరాశ పాలగును.

చీలమండలోతు తడిలోను, కేవలము తేమయే మిగిలిన బురదలోను ఉల్లంకి పిట్టలుండును. అవి నిలువవు, నాలుగడుగులు పరుగెత్తి, బురదను పొడిచి, మరల పరుగెత్తును. పిక్కలోతున, దారమువంటి ఎఱ్ఱని కాళ్ళమీద నలుపు తెలుపుల దేహమును మోయుచు సుతారముగ నడచు పిట్ట యుండును; ఒకసారి చూచినవారు దానిని మఱవరు. అంతకంటె లోతున తెడ్డుమూతి కొంగలు బారులుగ నిలిచి, కొడవలితో కోత కోయుచున్నట్లు ముక్కులను ఇటునటు త్రిప్పుచు ముందుకు సాగును. కాళ్ళకు అడుగు అందని నీటిలో సూదితోక బాతులు, నామాలకోళ్ళు తేలును. ఇంకను లోతున గూడబాతులు, నీటికాకులు వేటాడును. ఒడ్డునుండి లోనికి చూపు సారించుట యనగా, ఈ క్రమమును మెట్టు మెట్టుగ దిగుటయే.

మోకాలిలోతు నీరు ఫ్లెమింగోది. పత్రికలవారు రాజహంస యని వ్రాయు ఈ పక్షి నాలుగైదు అడుగుల ఎత్తున నుండి, మెడ క్రిందికి వంచి, తలను పూర్తిగ తలక్రిందులు చేసి ముక్కును నీట ముంచును.  ఇట్లు ముక్కు బోర్లపడినందున పైదవడయే క్రిందిదై, బురదకు దగ్గరగ నుండును. దళసరియైన నాలుక ముందు వెనుకలకు ఆడుచు నీటిని లోనికి పీల్చి వెలికి నెట్టుచుండగ, ముక్కు అంచుల వెంబడి వరుసదీరిన సన్నని పలకలు జల్లెడవలె నిలిచి, నాచును, అతిసూక్ష్మములైన రొయ్యజాతి ప్రాణులను లోపల నిలుపును. ఆ యాహారములోని వర్ణద్రవ్యమే దాని రెక్కలకు గులాబి వన్నె తెచ్చుచున్నది. గుంపు మధ్యమున బూడిదవన్నె పక్షులు కానవచ్చినచో అవి వేఱుజాతివని భ్రమపడరాదు. అవి ఇంకను రంగు పట్టని పిల్లలు. దుర్భిణితో ఒక్క పక్షినే పట్టి నిదానముగ చూచినచో, అది ఒకేచోట అడుగులు వేయుచు కాళ్ళతో బురదను కలచుట, ఆ కలగిన నీటినే ముక్కుతో వడకట్టుట తెలియును. ఇంత చేసియు ఈ పక్షి ఇచ్చట గూడు కట్టదు. మన దేశమున దాని ప్రసిద్ధమైన ప్రసూతిస్థానము కచ్ఛ్ రణ్. పులికాటు దానికి భోజనశాల మాత్రమే.

సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాట సరస్సు నడుమ గుండ పడమటినుండి తూర్పునకు సాగును. ఇది రాకెట్టు కేంద్రమునకై యేర్పడిన దారి యైనను, పక్షిదర్శనమునకు ఇంతకంటె అనువైన వేదిక తెలుగునాట నాకు కానరాలేదు. అయితే ఈ బాటమీద ఏ ప్రక్క చూడవలెనో తెలియవలెను. శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వ్రాలి నడచును గనుక, ఉత్తరపు నీటివైపు తిరిగినవానికి దినములో అధికభాగము ఎండ వీపుమీద పడును. పక్షుల వన్నె, ముక్కు రంగు, కాలి రంగు విస్పష్టముగ కనబడును. దక్షిణమువైపు చూచినవానికి అదే పక్షి నీటి మెఱుపుమీద నల్లని బొమ్మవలె మాత్రమే తోచును. ఉదయము తూర్పునకు పోవునపుడు కండ్లలో ఎండ పడుటచే తొందరపడి ముందుకు పోయి, కొంత దూరము నుండి వెనుకకు తిరిగివచ్చుచు చూచుట మేలు. గాలిని కూడ గమనింపవలెను: బాతులును, ఒడ్డుపిట్టలును గాలికి ఎదురుగ ముఖము పెట్టి విశ్రమించును గనుక, గాలి వచ్చు దిక్కున నిలిచినవానికే వాని ముఖములు కనబడును. వాహనమునుండి దిగకుండుట మఱియొక ఉపాయము. రెండుకాళ్ళ మనిషిని చూచి ఎగిరిపోవు గుంపు, నిలిచిన కారును లెక్కచేయదు. రాకెట్టు ప్రయోగమున్న దినములలో ఈ దారిలో రాకపోకలకు కట్టడి యుండును. ముందుగ కనుగొని బయలుదేరుట మంచిది.

దుర్భిణి విషయమున ఒక మాట. దానిపై 8×42 అని వ్రాసియుండినచో, వస్తువును ఎనిమిదింతలు దగ్గర చేయుననియు, ముందటి అద్దము 42 మిల్లీమీటర్లదనియు అర్థము. పదింతలు, పన్నెండింతలు చేయునవి కొనుమని అంగడివాడు చెప్పును. చేతివణకు కూడ అన్నింతలు పెరుగునని చెప్పడు.

పక్షి ఎగురుచున్నప్పుడు రంగును నమ్మరాదు, మెడను నమ్మవలెను. ఎఱ్ఱకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు, ఫ్లెమింగోలు మెడ చాచి ఎగురును. చెఱువుగట్టు తెల్లకొంగలు, శబరికొంగలు మెడను ముడిచి భుజముల నడుమ దాచుకొనును. గూడబాతు తలను వెనుకకు లాగుకొని, బరువైన ముక్కును ఎదపై ఆనించుకొనును. తెల్లకొంగలలో తికమక సహజమే. వానిలో చిన్నదాని ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదములు మాత్రము పసుపు. నీటి అంచున నిలిచి ఒక పాదమును ముందుకు చాచి, బురదలో వణికించినట్లు ఆడించి, బెదరి బయటపడిన చేపపిల్లను అది ముక్కున కఱచుకొను తీరును చూచినవారికి ఆ పసుపుపాదముల ప్రయోజనమును గూర్చి సందేహముండదు. పేరు తెలియని పక్షి ఎదురైనప్పుడు వెంటనే పుస్తకము తెఱచుట కొత్తవారి అలవాటు. తలయెత్తునప్పటికి పక్షి యుండదు. అది పిచ్చుకంతయా, గోరింకంతయా, కాకియంతయా అనియు, ముక్కు నిటారా వంపా అనియు, ఎంత లోతున నిలిచి యేమి చేయుచున్నదనియు మొదట వ్రాసికొని, పుస్తకము సంగతి తరువాత చూడవలెను.

సరస్సులో తినుచున్నవారిని చూచినాము. ఇక వారి యిండ్లు చూడవలెనన్న ఉత్తరమునకు పోవలెను. సూళ్ళూరుపేటకు సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున, జాతీయ రహదారిపై నున్న దొరవారిసత్రమునకు సమీపమున, నేలపట్టు చెఱువున్నది. 1976లో దీనిని పక్షి రక్షితకేంద్రముగ ప్రకటించిరి. నెలలకొలది మొదళ్ళు నీట మునిగియున్నను చావని కడపచెట్లు ఈ చెఱువులో తోపుగ పెరిగియుండుటయే ఇచ్చటి భాగ్యము. చుట్టును నీరుండుటచే నేలమీది శత్రువులకు గూళ్ళు అందవు. వానలు వెనుకబట్టి చెఱువు నిండని యేట పక్షులును వెనుకముందాడును. అక్టోబరు, నవంబరు మాసములలో గూడబాతులు వచ్చి చెట్ల తలలమీద పుల్లలతో మంచెలవంటి గూళ్ళు కట్టి, సాధారణముగ మూడేసి గ్రుడ్లు పెట్టును. వాని క్రింది కొమ్మలలో నీటికాకులు, శబరికొంగలు కాపురముండును. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు తమ తావులు తాము చూచుకొనును.

డిసెంబరు చివరనుండి జనవరి వఱకు పిల్లలు పెరుగు కాలము. అప్పుడు వాచ్ టవరెక్కి ఏదైన ఒక గూటినే ఎంచుకొని చూడవలెను. పులికాటునుండి సంచినిండ చేపలతో వచ్చిన తల్లి గూటిలో వాలగనే, పిల్ల తన తలను, మెడను తల్లి గొంతుసంచిలోనికి పూర్తిగ దూర్చును. చూచువారికి ఎవరు ఎవరిని మ్రింగుచున్నారో తెలియదు! పెద్దవి దాదాపు మూగవి. తోపంతయు మారుమ్రోగు ఆ అఱపులు పిల్లలవే. నత్తగుల్ల కొంగ ముక్కు రెండు దవడల నడుమ సందు కలదు. పెద్దదానికి మాత్రమే ఉండు ఆ సందు పిల్లలకుండదు. నత్తను నీటిలోనే పట్టుకొని, క్రిందిదవడ మొనను గుల్లలోనికి చొప్పించి, లోని కండను తెంపి, గుల్ల పగులకుండ మాంసమును లాగు నేర్పు దానిది. ఆ పక్షి వేటాడు నేలలో ఖాళీగుల్లలే దాని జాడ.

సాయంకాలము తప్పక నిలువవలసిన సమయము. పగలంతయు పొలములలో మేసిన కంకణాయిలు వంపుముక్కులతో బారులు తీరి చెట్లకు దిగుచుండగ, పగలు రెప్పవాల్చి కూర్చున్న శబరికొంగలు ఒక్కొక్కటిగ క్వాక్కు మనుచు బయటికి పోవును. ఒకరి పడక మఱియొకరి ఉద్యోగవేళ యగుట ఇంత స్పష్టముగ చూపు తావులు అరుదు.

నేలపట్టు రైతులు పక్షుల రెట్టలు కలసిన చెఱువునీరు పైరుకు సత్తువ యని నమ్ముదురు. వారి రక్షణభావమునకు అది యొక కారణము. శ్రీసత్యసాయి జిల్లా వీరాపురమున ఎఱ్ఱకాళ్ళ కొంగలు ఊరి నడుమ చింతచెట్లమీదనే గూళ్ళు కట్టగ, వాని రాకను శుభసూచకముగ తలచెదరు. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకు వచ్చు గూడబాతులను, ఎఱ్ఱకాళ్ళ కొంగలను పుట్టింటికి వచ్చిన ఆడపడుచులవలె చూతురు. అయితే వానిని సైబీరియా పక్షులనుట సరికాదు. అవి ఈ దేశముననే పుట్టి, ఈ దేశముననే చెఱువునుండి చెఱువునకు తిరుగునవి. ఉత్తరధ్రువప్రాంతపు బయళ్ళలో పొదిగి నిజముగ అంతదూరము ఎగిరి వచ్చునది, పులికాటు బురదలో పిచ్చుకంత పరిమాణముతో పరుగెత్తు ఉల్లంకి. దానికి స్వాగతతోరణమెవరును కట్టరు.

ఈ విద్యను పుస్తకములకెక్కించినవారు పలువురు స్థానికుల కండ్లతోనే చూచిరి. నెల్లూరున వైద్యుడుగ పనిచేసిన జెర్డన్ తన గ్రంథములో పక్షుల తెలుగు పేర్లను కూడ చేర్చెను. అతడు కనుగొనగ 1848లో బ్లైత్ వర్ణించిన కలివికోడి, 1900 తరువాత ఎవరికిని కనబడక, అంతరించినదనుకొనబడి, 1986లో కడప జిల్లా ముండ్లపొదలలో మరల దొరికినది; దానిని చేతికి చిక్కించినవాడు రాత్రివేళ దీపముతో తిరుగు ఒక పల్లెటూరి వేటగాడు. కేరళీయుడైన కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున గూడబాతుల గూళ్ళు కనుగొని 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘ పత్రికలో వ్రాసెను. పిమ్మట ఆ గ్రామమును పక్షులు విడిచిపోయినవి. అతడు వ్రాసియుండనిచో, అచ్చట గూడబాతులుండెననుటకు సాక్ష్యమెంతవఱకు నిలిచెడిదో!

జనవరి ప్రాంతమున సూళ్ళూరుపేటలో జరుగు పక్షుల పండుగకు బస్సులనిండ జనము వత్తురు. బాలురకు అది మంచిదే. కాని పండుగ కాగానే వచ్చు వారము నాకు ఎక్కువ ఇష్టము. గుంపు ఒక్కసారి లేచు దృశ్యమును కెమెరాకెక్కించుటకై రాళ్ళు విసరు పెద్దమనుషులను గూర్చి ఎంత తక్కువ చెప్పిన అంత మంచిది. లేచిన ప్రతి పక్షియు తిన్న తిండిని ఆ యెగురుటకే ఖర్చు చేయుచున్నదని వారెఱుగరు. గూళ్ళున్న తోపు దగ్గర ఈ చేష్ట మఱింత కీడు: తల్లి లేచినంతసేపు గ్రుడ్లు కాకులకు విడిచిపెట్టినట్లే.

నీటి లోతును చదువుట నేర్చినవారికి కొల్లేటి సరస్సులో జరిగినది సులభముగ బోధపడును. అచ్చట త్రవ్విన చేపలచెఱువుల గట్లు నిటారుగను, లోతు అంతటను ఒకటిగను ఉండుటచే గూడబాతులకును, నీటికాకులకును తిండి దొరకినను, చీలమండలోతును, మోకాలిలోతును కోరు పక్షులకు కాలూన తావు లేకపోయెను. కైకలూరు దగ్గర ఆటపాకలో కృత్రిమముగ నిలిపిన మంచెలమీద గూడబాతులు గూళ్ళు పెట్టుట చూడ ముచ్చటయే గాని, ఉల్లంకికి మంచె యెవరు వేయగలరు? పులికాటులో చిక్కు వేఱు రీతిది. రాయదొరువు, కొండూరుపాళెము ముఖద్వారములు పూడిపోవుచున్నవనియు, పూడిక తీసిన గాని వేట సాగదనియు జాలరులు మొఱపెట్టుచున్నారు. వారి మాట న్యాయమైనదే. నీరు త్వరగ ఇంకిన యేడు ఫ్లెమింగోకును నష్టమే. 1987నుండి ప్రతి జనవరిలో ఆసియా ఖండమంతట జరుగు నీటిపక్షుల లెక్కింపులో పాల్గొనువారు, పక్షుల సంఖ్యతోపాటు అవి నిలిచిన చోట నీరు ఏ లోతున నున్నదో కూడ నోటుపుస్తకమున వ్రాసిపెట్టినచో, పూడిక ఎంతవఱకు తీయవలెనను వాదము రేపు వచ్చినప్పుడు జాలరులకును, పక్షులను కాచువారికిని చేతిలో లెక్క యుండును.