కొండ లేని చోట కెమెరా

ల్యాండ్‌స్కేప్ ఫోటోలు తీస్తానని చెప్పగానే మనవాళ్లు వేసే మొదటి ప్రశ్న, "అరకు వెళ్లారా?" రెండోది, "పోనీ లంబసింగి?" ఉండేది మందిర్ హసౌద్‌లో అనేసరికి కాస్త జాలిగా చూస్తారు. వాళ్లననడానికేమీ లేదు. రాయ్‌పూర్‌కి తూర్పున, 53వ నంబరు జాతీయ రహదారి మీదున్న ఈ ఊరి చుట్టూ కొండ లేదు, జలపాతం లేదు, సముద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. వరి మళ్లు, చెరువులు, గట్ల మీద నల్ల తుమ్మలు, బారులు తీరిన లారీలు, దూరంగా నవా రాయ్‌పూర్ మేడలు. కనుచూపు మేర బల్లపరుపు నేల.

విజయనగరం నుంచి రైల్లో వచ్చేవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. పార్వతీపురం, రాయగడ మీదుగా వస్తున్నంతసేపూ కిటికీ నిండా కొండలే. టిట్లాగఢ్ దాటాక అవి ఒక్కొక్కటే వెనక్కి తగ్గుతాయి. మహాసముంద్ వెళ్లి, మహానది వంతెన దాటి, ఆరంగ్ మీదుగా మందిర్ హసౌద్ చేరేసరికి కిటికీలో సగం ఆకాశం, సగం పొలం. పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా ఈ లైను 1931లో పూర్తయింది. రైల్వే కొలువులకనీ, భిలాయ్ ఉక్కు ఫ్యాక్టరీకనీ మనవాళ్లెందరో ఈ దారినే వచ్చి ఇటు స్థిరపడ్డారు. కెమెరా మీద మోజు పడిన వాళ్ల పిల్లలు ఇప్పుడు నన్నడిగే ప్రశ్న ఒక్కటే. "బాబాయ్, ల్యాండ్‌స్కేప్‌కి వైడ్ లెన్స్ కొనాలట కదా? 10–20 చూస్తున్నాను."

"కొనకురా" అంటాను. వాళ్లకి నచ్చదు.

ఎందుకంటున్నానో చెప్తాను. వైడ్ యాంగిల్ లెన్స్ దగ్గర ఉన్నదాన్ని పెద్దది చేస్తుంది, దూరంగా ఉన్నదాన్ని చిన్నది చేస్తుంది. కాళ్ల దగ్గర బండరాయో పూలపొదో, వెనకాల నిటారుగా కొండో ఉంటే దాని సత్తా చూడాలి. మన బల్లపరుపు నేల మీద అదే లెన్స్ పెట్టి నొక్కితే కింద ఖాళీ మట్టి, పైన ఖాళీ ఆకాశం, రెంటి మధ్యా తీగలాంటి గీత. ఆ గీతలోనే ఊరు, చెట్లు, గుడి, రైలు అన్నీ ఇరుక్కుని ఉంటాయి. ఉదయించే సూర్యుణ్ణే తీసుకోండి. 18 మిల్లీమీటర్ల దగ్గర సెన్సర్ మీద పడే సూర్యబింబం అడ్డకొలత 0.2 మిల్లీమీటర్ కూడా ఉండదు. 250 దగ్గర 2 మిల్లీమీటర్లు దాటుతుంది. ఎక్కువమంది కొనే ఏపీఎస్-సి సెన్సర్ ఎత్తు దాదాపు 15 మిల్లీమీటర్లు కాబట్టి, మొదటిది చుక్క, రెండోది బింబం.

డిసెంబర్ నెలాఖరున పొద్దున్నే ఊరి బయటి గట్టు మీద నిలబడి 55–250 లాంటి మామూలు టెలీ జూమ్ పెట్టి చూడండి. కోత అయిపోయిన మళ్లలో కొయ్యకాళ్ల మీద మోకాలెత్తున పొగమంచు పరుచుకుని ఉంటుంది. గట్టు వెనక గట్టు, గట్టుకో నాలుగు తుమ్మచెట్లు. ఇక్కడి రైతులు వరి గట్ల మీద తుమ్మను కొట్టకుండా పెరగనిస్తారు, నాగలికీ వంటచెరకుకీ పనికొస్తుందని. మామూలు కంటికి ఆ చెట్లు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. 250లో అవే ఒకదాని మీదికొకటి వచ్చి, ముందువి నల్లగా, వెనకవి బూడిదరంగులో, ఆ వెనకవి ఉన్నాయో లేవో అన్నట్టుగా పొరలుపొరలుగా నిలబడతాయి. కొండలున్న చోట కొండలు చేసే పనిని ఇక్కడ మంచు, చెట్లు కలిసి చేస్తాయి. చూడాలంటే లెన్స్ పొడవుగా ఉండాలి, అంతే.

ఒక జాగ్రత్త. పాత డీఎస్ఎల్ఆర్‌కి టెలీ పెట్టి, వ్యూఫైండర్‌లోంచి నేరుగా సూర్యుణ్ణి చూడకండి. కన్ను పోతుంది. వెనక తెర మీద చూసి తీయండి.

ల్యాండ్‌స్కేప్‌కి పొడవు లెన్స్ అన్న మాటకి పెద్దల సాక్ష్యం కావాలంటే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ ఉన్నాడు. న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని ఆయన తీసిన ఫోటో జగత్ప్రసిద్ధం. తీసింది 1941 నవంబర్ 1న. వెలుగు పోతోంది, లైట్ మీటర్ చేతికి దొరకలేదు. చంద్రుడి కాంతి ఎంతో ఆయనకి కంఠతా వచ్చు. ఆ లెక్కతోనే ఎక్స్‌పోజర్ కట్టి నొక్కాడు. రెండోది తీసేలోపే శ్మశానంలోని శిలువల మీది ఎండ జారిపోయింది. ఈ కథ చాలామందికి తెలుసు. ఆ రోజు వాడిన లెన్స్ గురించి ఎవరూ చెప్పుకోరు. ఎనిమిదికి పది అంగుళాల ఫిల్మ్ పట్టే పెద్ద పెట్టె కెమెరాకి 23 అంగుళాల లెన్స్. ఇప్పటి ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 75–80 మిల్లీమీటర్లకి సమానం. ల్యాండ్‌స్కేప్ చరిత్రలో అంత పేరున్న బొమ్మ వైడ్ యాంగిల్‌తో తీసింది కాదు.

టెలీతో ఇంకో సుఖమూ ఉంది, ఇంకో చిక్కూ ఉంది. రెండూ సూర్యుడివే. మన అక్షాంశం 21 డిగ్రీల పైచిల్లర. జూన్ నెలాఖరున సూర్యుడు సరిగ్గా తూర్పుకి సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా పొడుస్తాడు, డిసెంబర్ నెలాఖరున అంతే దక్షిణంగా. అంటే ఒకే గట్టు మీద నిలబడ్డా ఏడాది పొడవునా సూర్యుడు ఒక్కో చెట్టు వెనకాల వస్తూ పోతుంటాడు. వెతుక్కోనక్కర్లేకుండా కొత్త బొమ్మలు. చిక్కేమిటంటే 250 లెన్స్ అడ్డంగా చూసేది ఐదు డిగ్రీల చిల్లరే. మార్చి, సెప్టెంబర్ నెలల్లో సూర్యుడు పొడిచే చోటు రోజుకి దాదాపు 0.4 డిగ్రీ జరుగుతుంది. అనుకున్న తుమ్మచెట్టు వెనక బింబం కావాలంటే ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం అనడానికి వీల్లేదు.

వైడ్ లెన్స్‌కి పని లేదని కాదు. ఆ పనికి కిట్‌లో వచ్చిన 18–55 చాలు. జనవరిలో తివ్రా పూస్తుంది. మనం కేసరి పప్పు అంటామే, అది. వరి ఇంకా కోయకముందే, తడి ఆరకముందే విత్తనం జల్లేస్తారు. ఈ పద్ధతిని ఇక్కడ ఉతేరా అంటారు. వరి కోశాక మడంతా పచ్చగా అల్లుకుని నీలం పూలు పూస్తుంది. అక్కడ గొంతుకూర్చుని లెన్స్ 18 దగ్గర, అపెర్చర్ ఎఫ్/8 దగ్గర పెట్టి, రెండు మీటర్ల దూరంలో ఫోకస్ చేయండి. ఏపీఎస్-సి కెమెరాలో ఒక మీటర్ దగ్గర్నుంచి ఆకాశం అంచు దాకా అంతా స్ఫుటంగా వస్తుంది. ఎఫ్/22 దాకా మూసేయడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చేటప్పుడు వెలుగు చెదిరి బొమ్మంతా మెత్తబడుతుంది.

వానాకాలానికి పోలరైజర్ కొనుక్కోండి. లెన్సులు, ట్రైపాడ్ తరవాత డబ్బు పెట్టదగిన వస్తువు అదొక్కటే. దాని పని ఫోన్ యాప్‌లకి చేతకాదు. జూలై, ఆగస్టుల్లో బియాసీ జరుగుతుంది. వెదజల్లిన వరి జానెడు ఎదిగాక, మడిలో నీళ్లు నిలబెట్టి ఆ పైరులోనే నాగలి తోలతారు. నాట్లు వేయడమే తెలిసిన మన గోదావరి జిల్లాల వాళ్లకి, ఉన్న పైరుని దున్నేయడమేమిటని గుండె గుభేలుమంటుంది. కలుపు పోతుంది, వత్తుగా ఉన్నది పలచబడుతుంది, మిగిలింది దుబ్బు కడుతుంది. ఆ రోజుల్లో పొలమంతా అద్దమే. పోలరైజర్ తిప్పితే నీటి మీది మెరుపు పోయి కింద బురద, మొలకలు, నాగలి చాలు కనిపిస్తాయి. అయితే ఆ మెరుపు పోవడం నీటిమట్టానికి 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడే పూర్తిగా జరుగుతుంది. గట్టు మీద నిలబడ్డ మనిషికి అది రెండు మీటర్ల ముందున్న నీరు. అంతకు దూరంగా ఉన్న నీటిలో ఆకాశం అలాగే ఉంటుంది. దగ్గర మట్టి, దూరాన మబ్బులు, ఒకే బొమ్మలో. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది కాబట్టి ట్రైపాడ్ తప్పదు.

ట్రైపాడ్ అన్నాను కదా, దాంతో ఇక్కడొక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మూడు కాళ్లు విప్పి గట్టు మీద నిలబెట్టగానే ఎవరో ఒకరు సైకిల్ దిగుతారు. "ఏం కొలుస్తున్నారు?" కొత్త రాజధాని నవా రాయ్‌పూర్ కోసం ఈ చుట్టుపక్కల ఊళ్ల పొలాలు పోయాయి. రోడ్ల కోసం పోయాయి. మూడు కాళ్ల స్టాండ్ మీద ఏదో పెట్టుకుని ఒంటికన్ను మూసి చూసే మనిషంటే వాళ్లకి సర్వేయరే. "లేదు కకా, ఫోటో తీస్తున్నా" అంటే నమ్మరు. దేని ఫోటో? ఇక్కడేముంది? అప్పుడు వెనక తెర మీద బొమ్మ చూపించాలి. వాళ్ల తుమ్మచెట్టు వాళ్లు గుర్తుపట్టాకే మొహం తేటపడుతుంది.

నిజానికి వాళ్ల అనుమానానికి చరిత్రలో ఆధారం ఉంది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం దగ్గర రాజా బిరుదు పొందిన లాలా దీన్‌దయాళ్ కొలతల మనిషే. రూర్కీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. 1874 ప్రాంతంలో కెమెరా పట్టాడు, ఉద్యోగం చేసుకుంటూనే, సరదాకి. లెపెల్ గ్రిఫిన్ అనే దొరతో మధ్య భారతమంతా తిరిగి ఆయన తీసిన కోటలు, గుళ్లు 1886లో పుస్తకంగా వచ్చాయి. గాజు పలకలు, బరువైన పెట్టె, స్టాండ్ ఇవన్నీ మోయించుకుని తిరిగిన మనిషి. ఆ పలకలు రెండు వేల ఎనిమిది వందలకు పైగా ఇప్పటికీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. పలక మార్చడానికి పట్టే సమయం వల్లనో ఏమో, ఆయన ఫ్రేముల్లో తొందర కనపడదు.

ఇక కెమెరా బాడీ. ఈ విషయంలో ఎక్కువ మాట్లాడటం నాకిష్టం లేదు. 24 మెగాపిక్సెల్ కెమెరా ఏదైనా అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో 20కి 13 అంగుళాల ప్రింట్ ఇస్తుంది. మీ హాల్లో అంతకన్నా పెద్ద గోడ ఖాళీ ఉంటే అప్పుడు ఫుల్‌ఫ్రేమ్ గురించి మాట్లాడుకుందాం. 2018లో నికాన్, కెనాన్ రెండూ ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ వైపు మళ్లాక పాత డీఎస్ఎల్ఆర్‌ల ధర పడిపోయింది. కదలని చెట్టుని తీసేవాడికి అదే అదను. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు షట్టర్ కౌంట్ అడగండి. మొదటి మెట్టు కెమెరాలు లక్ష క్లిక్కులకు, పైతరగతివి లక్షన్నర, రెండు లక్షలకు పరీక్షించినవి. లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందునుంచి చూడండి. సాలెగూడు లాంటి తెల్ల దారాలుంటే అది ఫంగస్. ఎంత చవకైనా వద్దు. మన వానాకాలం నాలుగు నెలలు చాలు, ఆ బూజు పక్క లెన్స్‌కీ పడుతుంది. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, పదిరోజులకోసారి ఆ పొట్లాల్ని ఎండబెట్టడం, ఇవి చాలు. ధాన్ కా కటోరా (ధాన్యపు గిన్నె) అని పేరున్న రాష్ట్రంలో ఉన్నాం కదా అని కొందరు కెమెరాని బియ్యం డబ్బాలో పెడుతున్నారు. బియ్యం తేమ పెద్దగా పీల్చవు, తవుడు మాత్రం లెన్స్ సందుల్లోకి పోతుంది.

డ్రోన్ ఊసెత్తేవాళ్లకి ఒక హెచ్చరిక. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్ ఉండదు, 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల ఎత్తు వరకే గ్రీన్ జోన్. రాయ్‌పూర్ వాళ్ల మానా విమానాశ్రయం మనకి కూతవేటు దూరం. డిజిటల్ స్కై పటం చూడకుండా ఎగరేయకండి.

కొనాల్సిన వరుస అడిగితే ఇదీ నా లెక్క. ఉన్న కెమెరా, కిట్ లెన్స్ అలాగే ఉంచండి. ముందు గాలికి ఊగని ట్రైపాడ్, తరవాత వాడిన టెలీ జూమ్, వానలకి ముందు పోలరైజర్. ఇంకా డబ్బు మిగిలితే ఆరుకి ఎనిమిది సైజు ప్రింట్లు వేయించి, ఎవరి పొలంలో నిలబడి తీశారో వాళ్లకివ్వండి. మళ్లీ వెళ్లినప్పుడు ఏం కొలుస్తున్నారని అడగరు.