చేతిలో మిగిలిన ఒకటి

100 లోపు ప్రధాన సంఖ్యలు 25. ఒక్కొక్కదాని అంకెలు కూడి చూడండి: 13కి 4, 29కి 11, 97కి 16. మొత్తం సరి సంఖ్య అయ్యేవి 13, బేసి అయ్యేవి 12. అంతకంటే సమంగా పంచడం ఎవరి తరమూ కాదు. మరి సంఖ్యలు కోట్లు దాటి పెరుగుతూ పోతే ఈ పంపకం సగం సగంగానే నిలుస్తుందా?

1968లో రష్యన్ గణితవేత్త అలెగ్జాండర్ గెల్ఫొండ్ ఈ ప్రశ్నను ఇంకా విస్తృతంగా అడిగాడు. 2తోనే కాదు, 7తోనో 11తోనో భాగించినా శేషాలన్నీ సమానంగా వస్తాయా అని. (3 సంగతి వేరు. అంకెల మొత్తం 3తో భాగితమైతే సంఖ్య కూడా భాగితమే కనుక, 3 తప్ప మరే ప్రధాన సంఖ్యకూ అది కుదరదు.) జవాబు రావడానికి 42 ఏళ్లు పట్టింది. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరానికి చెందిన క్రిస్టియన్ మోద్వీ, జోయెల్ రివా అవునని నిరూపించారు. 2010లో ‘ఆనల్స్ ఆఫ్ మ్యాథమాటిక్స్’లో ఫ్రెంచి భాషలో అచ్చయిన ఆ నిరూపణ యాభై పైచిలుకు పేజీలు.

ఎందుకంత కష్టం? ప్రధాన సంఖ్య అన్న మాట గుణకారానికి సంబంధించింది. అంకెలేమో మనం పదులలో రాసుకునే అలవాటు వల్ల వచ్చినవి. రెండు సంఖ్యలను గుణిస్తే లబ్ధం అంకెల మొత్తం ఎంతో ముందుగా చెప్పే సూత్రమేదీ లేదు.

వాళ్ల పనితనం ఇక్కడే చూడాలి. ముందుగా, వాన్ సర్వసమీకరణం సాయంతో ప్రధాన సంఖ్యల లెక్కను మామూలు లబ్ధాల లెక్కగా విడగొట్టారు. తర్వాత ఒక లబ్ధాన్నీ, దానికి కాస్త పక్కనున్న మరో లబ్ధాన్నీ ఎదురెదురుగా పెట్టి తేడా చూశారు. 4,72,315కు 42 కలిపితే 4,72,357. పై అంకెలు కదలలేదు. తేడాలో అవి కొట్టుకుపోతాయి. చిక్కల్లా కూడికలో చేతిలో మిగిలే ఒకటితోనే. 3,999కి 1 కలిపితే అది చివరిదాకా పాకి, 30 ఉన్న అంకెల మొత్తాన్ని 4కి దించేస్తుంది. కానీ అది మూడు స్థానాలు అదనంగా పాకాలంటే ఆ మూడింట్లోనూ 9లే ఉండాలి. అలాంటివి సుమారు వెయ్యికి ఒకటి. ఆ కొద్దిపాటి సంఖ్యలను పక్కన పెట్టి, పై అంకెలను నిబ్బరంగా కోసేశారు. మిగిలిన కింది అంకెలు చక్రంలా తిరిగి వచ్చేవి కనుక ఫూరియే విశ్లేషణకు లొంగాయి.

బడిలో రెండో తరగతి పిల్లలు నేర్చే కూడికను ఇంత శ్రద్ధగా గమనించి, దాని మీద ఇంత బరువైన సిద్ధాంతాన్ని నిలపడం నాకు తెలిసిన గణితంలో అతి చక్కని పనుల్లో ఒకటి.

కాగితం, కలం తీసుకుని 100 నుంచి 200 దాకా మీరే లెక్కపెట్టండి. ఈసారి బేసివి 12, సరివి 9. మొదటి వందతో కలిపితే 24, 22.