భయం ఎవరిది? - పుణ్ణిక గాథపై ఒక పరిశీలన

బౌద్ధం మీద మన మిత్రుల్లో రెండు అభిప్రాయాలు స్థిరపడి ఉన్నాయి. అది పలాయనవాదమని కొందరు కొట్టిపారేస్తారు. అది ఆనాటి సోషలిజమేనని మరికొందరు నెత్తిన పెట్టుకుంటారు. మూలగ్రంథాల జోలికి మాత్రం ఇద్దరూ పోరు. 'భయం' అనే ఒక్క మాటను పట్టుకొని పాళీ వాఙ్మయంలోకి దిగితే ఈ రెండు అభిప్రాయాలూ నిలబడవు.

మజ్ఝిమ నికాయంలో భయభేరవ సుత్తం ఉంది. జానుస్సోణి అనే బ్రాహ్మణుడితో బుద్ధుడు తన పాత అనుభవం చెబుతాడు. జ్ఞానోదయానికి ముందు, పక్షంలోని అష్టమి, చతుర్దశి, పంచదశి రాత్రుల్లో, జనం హడలిపోయే వనచైత్యాలకు కావాలనే వెళ్లి ఉండేవాడు. ఏదో జింక వస్తుంది. నెమలి ఒక పుల్లను రాలుస్తుంది. గాలికి ఆకులు గలగలమంటాయి. అదిగో, భయం వచ్చింది! నడుస్తుండగా వస్తే అది అణిగేదాకా నడక ఆపలేదు, కూర్చుని ఉండగా వస్తే లేవలేదు. మంత్రం లేదు, తాయెత్తు లేదు, దేవుడి పేరు లేదు. భయాన్ని పరిశీలించదగిన వస్తువుగా చూసిన ఈ దృష్టి ఎంత శాస్త్రీయమో వేరే చెప్పనక్కరలేదు. (నెమలి రాల్చిన ఆ పుల్ల దగ్గర సుత్తకారుడు మంచి కథకుడి పని కూడా చేశాడు.)

అయితే ఆ అడవికి వెళ్లినవాడెవరు? ఇల్లూ వాకిలీ ఉండి వదులుకున్నవాడు. భయాన్ని వెతుక్కుంటూ పోగలిగినవాడు.

థేరీగాథల్లోని పుణ్ణికకు ఆ వెసులుబాటు లేదు. ఆమె నీళ్లు మోసే దాసి. చలిలో కూడా నీళ్లలోకి దిగేది యజమానురాళ్ల దండానికీ, తిట్లకూ భయపడి. పదహారు గాథల ఆ సంవాదం మొదట్లోనే ఈ మాట చెబుతుంది. అదే నీళ్లలో వణుకుతూ మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి ఆమె అడుగుతుంది: మరి నువ్వెవరికి భయపడి? పాపం కడుక్కోవడానికంటాడతను. అలాగైతే కప్పలూ, తాబేళ్లూ, మొసళ్లూ స్వర్గానికి పోవాలి గదా, పాపాన్ని కొట్టుకుపోయే ఏరు పుణ్యాన్ని మాత్రం వదిలిపెడుతుందా అని నిలదీస్తుంది. వేమనను చదువుకున్న మనకు ఈ గొంతు కొత్త కాదు.

కాని చివరిదాకా చదివితే తేలేదేమిటి? తీరింది బ్రాహ్మణుడి భయం. శరణు పొందేది అతను, ముగింపు మాటలు అతనివి. దాసి భయం ఏమయింది? మొదటి గాథ తర్వాత దాని ఊసే లేదు. ధమ్మపాలుని అట్ఠకథ ఆ ఖాళీని పూరిస్తుంది. దాని ప్రకారం పుణ్ణిక అనాథపిండిక శ్రేష్ఠి ఇంటి దాసి. ధర్మం విని స్రోతాపన్న అయిన తర్వాత కూడా దాసిగానే ఉంది. బ్రాహ్మణుణ్ణి గెలిచాక శ్రేష్ఠి ఆమెను దాస్యం నుంచి విడిపించాడు. ఆ తర్వాతనే ఆమె భిక్షుణి అయింది. ఈ క్రమాన్ని గమనించాలి. వినయ పిటకంలోని మహావగ్గం దాసులకూ, రుణగ్రస్తులకూ, రాజభటులకూ ప్రవ్రజ్య ఇవ్వకూడదంటుంది. ధర్మం గ్రహించడానికి పుణ్ణికకు ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది. సంఘంలో చేరడానికి యజమాని ఉదారత కావలసి వచ్చింది.

అంగుత్తర నికాయపు నవక నిపాతంలో బలసుత్తం ఆర్యశ్రావకుడు దాటే భయాలు అయిదని చెబుతుంది. అవి జీవనోపాధి, అపకీర్తి, సభాపిరికితనం, మరణం, దుర్గతి. చావు కంటే ముందు జీవనోపాధిని చెప్పిన ఆ వాస్తవిక దృష్టిని మెచ్చుకోవలసిందే. విరుగుడు దగ్గరే పేచీ. ప్రజ్ఞ, వీర్యం, అనవద్యం, సంగ్రహం అనే నాలుగు బలాలున్నవాడికి ఆ భయం ఉండదట, సోమరికి ఉంటుందట. పొద్దు పొడవకముందే నాట్లకు పోయే కూలీ మనిషికి రేపటి గింజల భయం సోమరితనం వల్ల వచ్చిందా? సామాజిక కారణాన్ని వ్యక్తి గుణంలో వెతకడం బౌద్ధానికున్న చారిత్రక పరిమితి. అయినా నాలుగో బలాన్ని తొందరపడి దాటిపోకూడదు. సంగ్రహమంటే దానం, ప్రియవచనం, హితాచరణ, సమానభావం. నలుగురితో కలిస్తే తప్ప ఇవేవీ సాధ్యం కావు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో అంబేద్కర్ లక్షలాదిమందితో కలిసి బౌద్ధం స్వీకరించినప్పుడు ఎంచుకున్నది ఈ దారినే అని నా అభిప్రాయం. ఆయన ఒంటరిగా అడవికి పోలేదు. ఆయన వెంట వచ్చినవాళ్లు పుణ్ణిక భయాన్ని తరతరాలుగా ఎరిగినవాళ్లు. వాళ్లు శ్రేష్ఠి ఉదారత కోసం ఎదురుచూడలేదు.

థేరీగాథలను తెలుగు చేయబూనే విద్యార్థులకు ఒక మనవి. పుణ్ణిక మొదటి గాథలోని 'దండం' అనే మాటకు 'శిక్ష' అని రాసి ఊరుకోకండి. కర్ర అని రాయండి.