పొరుగువాడు లేని ఇల్లు

మన సినిమాలో ఇళ్ళున్నాయి గాని ఇరుగుపొరుగు లేదు. హాలు మధ్యనుంచి రెండుపాయలుగా లేచే మెట్లు, వరండా స్తంభాలు, పెద్ద గేటు, గేటు దగ్గర సలాము కొట్టే కాపలావాడు, ఇవన్నీ తెలుగు ప్రేక్షకుడికి కంఠతా వచ్చు. అయితే ఆ బంగళా ప్రహరీగోడ ఎవరి గోడను ఆనుకుని వుంది, దాని డాబామీద పడ్డ వాననీరు ఎటు పోతుంది, గోడ బీటలిస్తే బాగుచేయించే ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నలు తెరమీద తలెత్తటం బహు అరుదు. కారణం సులభంగానే చెప్పవచ్చు. సెట్టుకు మూడు గోడలే వుంటాయి. నాలుగో వైపు కెమెరా వుంటుంది. కెమెరాకు పొరుగువాడి అవసరం లేదు.

పొరుగువాడు ఎప్పుడైనా వచ్చినా హాస్యానికి వస్తాడు. 1987లో రామానాయుడు నిర్మించగా జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' చూడండి. పిసినారి ఇంటాయన, అతని ఇంట్లో అద్దెకు దిగిన కుర్రవాడు. ఇంటి యజమానికీ ఇంట్లో వుండేవాడికీ మధ్య వుండే సంబంధం ఆర్థిక సంబంధమన్న సంగతి పక్కకు పోయి, ఒక మనిషి లోభగుణమే నవ్వులకు ముడిసరుకయింది. అది గొప్ప హాస్య చిత్రం, కాదనను. అదే ఏడు వచ్చిన 'సంసారం ఒక చదరంగం'లో ఇంటి మధ్య గీత గీసి ఇంటిని రెండు చేస్తారు. ఆ గీత కూడా తండ్రీకొడుకుల మధ్యదే. ఆస్తి తగాదాను రక్తసంబంధంలోకి తెచ్చి కన్నీళ్ళతో కడగటం మనకు అలవాటయింది. రక్తసంబంధం లేని ఇద్దరి మధ్య గోడ పడితే ఏమవుతుందో చెప్పే కథ మనకు రాలేదు.

విడ్డూరమేమంటే, ఈ సినిమా తయారయ్యే చోటనే ఆ కథ కళ్ళెదుట పడివుంది. 1960లలో గృహనిర్మాణ సహకార సంఘం ప్లాట్లు వేసేనాటికి జూబ్లీహిల్స్ అంటే బండరాళ్ళ గుట్టలు. 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1989లో ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో వచ్చాయి. మద్రాసునుంచి పరిశ్రమ తరలివచ్చిన కొద్దీ గుట్ట మేడ అయింది. గుట్టను చదును చెయ్యాలంటే ఒకవైపు రాయి కొట్టాలి, మరోవైపు మట్టి పోసి దాన్ని ఆపటానికి గోడ కట్టాలి. రిటైనింగ్ వాల్ అనేది దాన్నే. మైదానంలో ప్రహరీగోడ కూలితే ఇటుకలే నష్టం. కొండమీద ఈ గోడ కూలితే గోడ వెనకున్న కొండ కూలుతుంది. గోడ వెనక చేరిన నీరు బయటికి పోవటానికి కన్నాలు వదలాలి, అవి పూడిపోకుండా ఏటేటా చూసుకోవాలి. చూసుకోవలసినవాడు పైన వుంటాడు. చూసుకోకపోతే నష్టపోయేవాడు కింద వుంటాడు. పొరుగు తగాదా అనే మాటకు కొండమీద వున్న అర్థమంతా ఈ రెండు వాక్యాల్లో వుంది.

కింద వున్నదెవరు? పక్కనే ఫిల్మ్‌నగర్ బస్తీలు. ఇంకా దిగితే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్ సహాయకులు అద్దె గదుల్లో వుండే కృష్ణానగర్. గట్టి వాన పడితే కృష్ణానగర్ వీధుల్లో మోటారుసైకిళ్ళు కొట్టుకుపోయే దృశ్యాలు టీవీల్లో చూస్తూనే వున్నాం. ఆ నీరు ఆకాశంనుంచి నేరుగా కృష్ణానగర్‌లో పడ్డది కాదు. పైన సిమెంటు చేసిన ప్రతి వాకిలీ తాను ఇంకించుకోని నీటిని కిందికి తోస్తుంది.

చట్టం ఈ సంగతి ఎరగనిది కాదు. పై నేలమీద సహజంగా పడ్డ నీరు కింది నేలకు పారటానికి కింది యజమాని ఒప్పుకోవాలని, ఒకరి నేలకు పక్క నేల ఇచ్చే సహజమైన ఆధారాన్ని తీసివేయరాదని 1882 నాటి భారత ఈజ్‌మెంట్స్ చట్టం చెప్పింది. అందులోని 'సహజంగా' అన్న మాటమీద కాస్త ఆగాలి. కొండను కోసి, మట్టి పోసి, సిమెంటు పరిచిన తరువాత పారే నీటిలో సహజం ఎంత?

దీనికి దగ్గరి ప్రశ్న మన చిత్తూరు సీమనుంచే ఒకప్పుడు లండన్‌దాకా వెళ్ళింది. కార్వేటినగరం జమీందారీలోని రెండు పాత చెరువులు పెద్ద వానకు తెగి మద్రాసు రైల్వే కంపెనీ కట్టడాలను దెబ్బతీశాయి. కంపెనీ నష్టపరిహారానికి దావా వేసింది. అప్పటికి ఇంగ్లండులో రైలాండ్స్-ఫ్లెచర్ తీర్పు (1868) వచ్చివుంది. మిల్లు కోసం కట్టుకున్న జలాశయం నీరు పక్కవాడి గనిలోకి జొరబడితే, అజాగ్రత్త రుజువు కాకున్నా జలాశయం యజమానే బాధ్యుడని ఆ తీర్పు. కంపెనీ దాన్నే పట్టుకుంది. 1874లో ప్రివీ కౌన్సిల్ అది ఇక్కడ చెల్లదంది. ఆ చెరువులు జమీందారు సొంత లాభానికి తవ్వించినవి కావు, తరతరాలుగా సేద్యానికి ఆధారమైనవి, వాటిని నిలబెట్టి మరమ్మతు చేయించటం ఆచారం అతనిమీద పెట్టిన విధి, అజాగ్రత్త రుజువు కానప్పుడు అతను బాధ్యుడు కాడు అని తేల్చింది. జమీందారును వెనకేసుకు రావటం నా ఉద్దేశం కాదు. నీళ్ళు ఎవరి లాభానికి నిలవవున్నాయి, కట్ట కాపాడే పని ఎవరిది అని ఆ కోర్టు అడగవలసివచ్చింది. ఆ ప్రశ్నను కొండమీది ఈతకొలను దగ్గర, పచ్చిక దగ్గర అడిగి చూడండి. ఆ నీటితో ఏ రైతూ మడి తడుపుకోవటం లేదు.

అయితే కోర్టుకు ఎవరు పోతారు? 2025 జూలైలో ఒక ప్రముఖ నటుడి జూబ్లీహిల్స్ ఇంటి రిటైనింగ్ వాల్ క్రమబద్ధీకరణ వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరింది. దరఖాస్తు తేల్చమని కోర్టు నగరపాలక సంస్థను ఆదేశించింది. ఆయన హక్కు ఆయన వాడుకున్నాడు, తప్పులేదు. గోడకు పైనున్న మనిషికి న్యాయవాది వుంటాడు, పటం వుంటుంది, దరఖాస్తు నెంబరు వుంటుంది. గోడ కింద రేకుల ఇంట్లో వుండేవాడికి తన ఇంటి పట్టాయే సందేహం. తన నేల తనదని రుజువు చేసుకోలేనివాడు పక్కవాడి గోడమీద ఏమని ఫిర్యాదు చేస్తాడు? సమానుల మధ్య నిర్వహణ లోపం 'వివాదం' అవుతుంది. అసమానుల మధ్య అది 'ప్రమాదం' అవుతుంది, అదీ జరిగిన తరువాత.

సాహిత్యం ఈ తేడాను పట్టుకుందా? ప్రపంచ సాహిత్యంలో పొరుగు తగాదాకు పెద్దదిక్కు గోగోల్. ఇవాన్ ఇవానొవిచ్, ఇవాన్ నికీఫొరొవిచ్ అనే ప్రాణస్నేహితులు ఒక తుపాకీ దగ్గర మాటామాటా అనుకుంటారు. ఒకడు రెండోవాణ్ణి మగబాతు అంటాడు. అన్నవాడు కంచె పక్కన బాతులకు పాక వేస్తే, పడ్డవాడు రాత్రిపూట రంపం తీసుకుపోయి దాని గుంజలు కోస్తాడు. తరువాత దావాలు. ఏళ్ళు గడిచి జుట్టు నెరిసినా ఇద్దరూ తీర్పు రేపు వస్తుందన్న ఆశతోనే తిరుగుతుంటారు. నవ్వుతూ నవ్వుతూ గొంతు పట్టేసే కథ. 1952లో కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ తీసిన 'నైబర్స్' ఎనిమిది నిమిషాల చిత్రం. రెండు ఇళ్ళ నడుమ ఒక పువ్వు పూస్తుంది. దానికోసం కంచె లేస్తుంది, కంచె కర్రలే ఆయుధాలవుతాయి, ఇళ్ళు పోతాయి, పెళ్ళాంబిడ్డలు పోతారు, చివరికి ఇద్దరూ పోతారు. ఆ ఇళ్ళు ముందువైపు మాత్రమే వున్న అట్టముక్కలు, మన ఫిల్మ్‌నగర్ సెట్లలాగే. కొరియా యుద్ధకాలంలో అంత మాట అనగలగటం సామాన్యం కాదు.

ఇవి రెండూ గొప్ప రచనలే. కాని రెండింటిలోనూ పొరుగువాళ్ళు సమానులు, నేల చదును. ఎత్తుపల్లాలున్న నేలమీద ఈ కథనే నడిపిస్తే మొండితనం, అసూయ అనే గుణాలు ఏ మూలకూ చాలవు. మన అగ్నిహోత్రావధాన్ల వ్యాజ్యాల పిచ్చిని గురజాడ ఎంత చక్కగా గుర్తించినా, అదీ వ్యాజ్యం వేయగలిగినవాడి పిచ్చే.

కోర్టు గుమ్మంలో పేదవాడు ఎలా నలుగుతాడో రావిశాస్త్రి చూపించాడు. ఆయన న్యాయవాది, చూసినదాన్ని రాశాడు. 'ఆరు సారా కథలు' క్రిమినల్ కోర్టుకు చేసిన పనిని సివిల్ కోర్టుకు చేసినవాడు రాలేదు. కారా 'యజ్ఞం' ఇంకా పెద్ద ఆదర్శం. పైకి అది ఇద్దరి మధ్య బాకీ తగువు. పంచాయితీలో పెద్దలు న్యాయంగానే మాట్లాడుతున్నట్టుంటుంది. ఆ న్యాయం కిందికి తవ్వుకుంటూ పోతే ఊరి బతుకు మొత్తం మారిపోయిన తీరు బయటపడుతుంది. గోడ తగువుకు కావలసింది అటువంటి తవ్వకం.

మనవాళ్ళ కథలను కూడా వదలకూడదు. బస్తీ కథ అనగానే మన రచయితకు బుల్‌డోజరు గుర్తొస్తుంది. బుల్‌డోజరుకు డ్రైవరుంటాడు, వెనక అధికారి, ఆ వెనక ధనవంతుడు వుంటారు. దుర్మార్గుడు దొరికాడు గనక కథ సగం పూర్తయింది. కాని కన్నాలు పూడిన గోడకు దుర్మార్గుడెక్కడ? అక్కడ ఎవడూ ఏమీ చెయ్యలేదు, చెయ్యకపోవటమే జరిగింది. ఆ ఇంటాయన మంచివాడే కావచ్చు, పండక్కి బస్తీ పిల్లలకు బట్టలు పెట్టేవాడూ కావచ్చు. చెయ్యని పనిని కథగా మలచటం కష్టం. ఆ కష్టానికి జంకి మనం తేలికైన విలన్ల దగ్గరికి పోతున్నాం.

తెలుగు చెప్పుకునేవాణ్ణి గనక వ్యాకరణం మాట ఒకటి. 2020 అక్టోబరు 13 రాత్రి బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో ఒక ప్లాటు గోడ పక్క ఇళ్ళమీద పడి ఎనిమిది మందికి తక్కువ కాకుండా చనిపోయారు. 2024 మేలో బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు రిటైనింగ్ వాల్ పడి వలసకూలీలు ఏడుగురు పోయారు, వారిలో నాలుగేళ్ళ పసివాడొకడు. ఇటువంటివాటికి పత్రికలు పెట్టే శీర్షిక ఎప్పుడూ ఒకటే: గోడ కూలి ఇంతమంది మృతి. 'కూలు' అకర్మక క్రియ. కర్త గోడే. 'కూల్చు' అంటే సకర్మకం, కాని ఎవరూ కూల్చలేదు గదా. తెలుగులో మూడోది వుంది: 'కూలనిచ్చారు'. అడిగితే నా తరగతిలో పిల్లలు ఠక్కున చెబుతారు. పత్రికలు దాన్ని వాడవు. ఎవరు కూలనిచ్చారో వెతకాలంటే పన్నెండేళ్ళ కిందటి ప్లాను కావాలి, సంతకాలు కావాలి, మూడు వానాకాలాల ముందే గోడకు చెమ్మ పట్టిందని చూసిన మనిషి కావాలి.

ఆ చూసిన మనిషి దగ్గరే కథకుడు ఆగాలి. కొండమీది ఇళ్ళలో అంట్లు తోమే మనిషి కింది బస్తీలోనే వుంటుంది. గోడకు రెండు వైపులా రోజూ తిరిగేది ఆమె ఒక్కతే. పైన పెరట్లో తడిబట్టలు ఆరేస్తూ నీరు ఎక్కడ నిలుస్తున్నదో చూస్తుంది. కింద తన పొయ్యి వెనక రాళ్ళు చెమర్చటమూ చూస్తుంది. ఇంజనీరుకు తెలియనిది ఆమెకు తెలుసు. "అమ్మా, మీ గోడ మా మీదికి వొరుగుతున్నది" అని అనటానికి ఆమె ఎన్నాళ్ళు గొంతు కూడదీసుకుంటుంది? అన్ననాడు అమ్మగారు మేస్త్రీని పిలిపిస్తారా, మీరు వుంటున్న జాగా అసలు ఎవరిదని అడుగుతారా? మరునాడు ఆమె పనిలోకి వస్తుందా?