యాత్రాఫలము: గ్రంథమొకటి, సౌధమొకటి

తెలుగున యాత్రాచరిత్రలను పరిశీలించువారు వానిని స్వదేశయాత్రలనియు విదేశయాత్రలనియు రెండు తెగలుగా విభజించి, సముద్రము దాటినదానినే విదేశయాత్రగా గణించుచుందురు. ఈ విభాగము సులభమైనదే కాని సత్యమునకు దూరమైనది. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రాచరిత్రను ఈ లెక్కచొప్పుననే స్వదేశయాత్రలలో మొదట చేర్చుట ఆచారమైపోయినది. 1830వ సంవత్సరమున చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన గృహస్థునకు ఏది స్వదేశము, ఏది పరదేశము అను ప్రశ్న వేసికొననివారికి ఆ గ్రంథములోని రుచి సగము దక్కదు.

వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. కుటుంబమును పరివారమును కలిసి సుమారు నూర్గురు వెంట నడచిరి. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము సేవించుకొని కృష్ణ దాటిన పిదప వారు ప్రవేశించినది నిజాము రాజ్యము. సికందరుజా గతించి నాసిరుద్దౌలా గద్దె నెక్కి అప్పటికి ఏడాది మాత్రమే యైనది. రాజ్యభారమంతయు చందూలాలు చేతిలో నుండెను. కుంపిణీవారి కోర్టుకు అక్కడ అధికారము లేదు. నాణెము వేఱు, సుంకము వేఱు, తగవు తీర్చు పద్ధతి వేఱు. జనుల నోట మాత్రము తెలుగే. గుళ్లలోని దేవుళ్లును తెలిసినవారే. కావున ఆ బాటసారులకు భాషచేత స్వదేశమైనది రాజ్యముచేత పరదేశమైనది. చెన్నపట్టణపు కోర్టునీడ పెరిగినవారికి, హైదరాబాదు వీధులలో మనుష్యులు ఆయుధపాణులై తిరుగుట కంటబడినప్పుడు కలిగిన వింత, నావ యెక్కి అన్యద్వీపమున దిగినవాని వింతకు తీసిపోవునది కాదు.

ఇంతకన్న చమత్కారమైనది మఱియొకటి కలదు. హైదరాబాదు నిజాముది. కొలది మైళ్ల దూరముననున్న సికిందరాబాదు ఇంగ్లీషువారి దండు దిగిన చోటు. ఆ దండు 1798వ సంవత్సరపు సంధిని బట్టి వచ్చినది. ఊరికి ఆ పేరు 1806లో సికందరుజా పేరిట కలిగినది. ఒక పూటలో పరదేశమునుండి పరిచితమైన యధికారపు నీడకు నడచిపోవు వీలు ఆ నాడు మఱెక్కడనో కాని లేదు. ఈ రెండు నగరముల నడుమ, కొంచెము తూర్పుగా, అడిక్‌మెట్టు భూములు పరచుకొనియుండెను. ఉర్దూ కవయిత్రియైన మాహ్ లఖా బాయి చందా జాగీరు అక్కడనే. ఆమె 1824లో గతించి, సమీపమున మౌలాలి గుట్టకడ సమాధియందున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయము నేడు నిలిచియున్నది ఆ అడిక్‌మెట్టు నేలపైననే. దానికి ఉత్తరమున ఆనుకొనియున్న తార్నాక పేరును స్థానికులు తీగెయు నాకాయునని విడదీసి చెప్పుదురు. తార్ అనగా తీగె. నాకా యనగా కాపలావారు బాటసారిని నిలిపి విచారించు చోటు. నిరుక్తి నిక్కమో కాదో శబ్దశాస్త్రజ్ఞులు తేల్చుకొందురు గాక. పరదేశమనునది సముద్రమున కాక నాకాకడనే మొదలగునను మాటకు ఇంతకన్న తగిన యూరిపేరు దొరకదు.

ఇక కాశీయాత్రాచరిత్రను గూర్చి విమర్శకులు పలుకు రెండు మాటలను పరీక్షింపవలెను. ఒకటి, అది చరిత్రకారులకు పనికివచ్చు సమాచారపు మూటయే కాని సాహిత్యము కాదనుట. రెండు, దాని భాష ఉర్దూ, అరవ, ఇంగ్లీషు పదములతో కలగాపులగమైనదనుట. రెండవ యాక్షేపణలోని వాస్తవమును కాదనుటకు వీలులేదు. ఐనను ఆ పదములు ఏచోట వచ్చినవో చూడవలసియున్నది. సుంకపు చావడికడ, బజారులో, దండు విడిసినచోట, అధికారి యెదుట, అనగా అచ్చతెనుగు చెల్లనిచోట, అవి వచ్చినవి. వేదాంతవిచారము వచ్చినపుడు వాక్యము మఱియొక నడక నడచును. పొలిమేరలో మనుష్యుడు పొలిమేర మాటయే యాడును. దానిని దోషమనుటకన్న సాక్ష్యమనుట మేలు.

మొదటి యాక్షేపణకు సమాధానము గ్రంథము పుట్టిన తీరులోనే యున్నది. ఇది లోకమునకు వ్రాసినది కాదు. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారను ప్రాణమిత్రుడు చెన్నపట్టణమున నిలిచిపోగా, ఆయన కోరికమీద వ్రాసి పంపిన లేఖల సమాహారము. మజిలీ మజిలీకి దూరమెంత, నీళ్లు మంచివా, దిగుటకు చోటున్నదా, అంగళ్లలో ఏమి దొరకును అను వివరములు విసుగు పుట్టించునని కొందఱందురు. వెంట రాలేకపోయిన స్నేహితుని చేయిపట్టుకొని నడిపించువాడు మఱేమి చెప్పును? కాలిక్రింద రాయి యున్నదని చెప్పును. వీరాస్వామయ్యగారు 1836లో గతింపగా, ఆ మిత్రుడే గ్రంథకర్త చరిత్రను ముందు చేర్చి 1838లో అచ్చు వేయించెను. స్నేహమునుండి పుట్టినది స్నేహముచేతనే లోకమున నిలిచినది.

అట్లని లోపము లేకపోలేదు. నూర్గురు తోడునడచిన యాత్రలో ఆ నూర్గురును ఎచ్చటనున్నారు? బోయీలున్నారు, బంధువులున్నారు, వంటవారున్నారు. కాని గుంపుగానేకాని మనుష్యులుగా కన్నులకు కట్టరు. ఇంట నున్న మిత్రుడొక్కడే సజీవుడు. ఎదుట నడచువారు నీడలు. సహప్రయాణము చేసినవారి చరిత్రయని యెంచి ఈ గ్రంథమును విప్పినవానికి నిరాశయే మిగులును. లేఖారూపము ఇచ్చిన భాగ్యమెంతయో, చేసిన నష్టమును అంత.

నూఱేండ్ల పిమ్మట దిక్కు తిరుగబడినది. 1918లో స్థాపితమైన విశ్వవిద్యాలయమునకు శాశ్వతమైన భవనములు కట్టదలచి, నవాబు జైన్ యార్ జంగు, సయ్యదు అలీ రజా అను ఇద్దఱు శిల్పనిపుణులను పరదేశముల విద్యాపీఠములను చూచిరండని పంపిరి. ఇది యిద్దఱు కలిసి చేసిన యాత్ర. దాని ఫలము గ్రంథము కాక, 1934లో పునాది పడి 1939 డిసెంబరు 4వ తేదీన తెఱవబడిన ఆర్ట్సు కాలేజి సౌధమైనది. (ఆ జైన్ యార్ జంగే 1948లో నిజాము ప్రతినిధియై ఢిల్లీలో నుండుట చరిత్ర చదివినవా రెఱుగుదురు.) ఈ యాత్రలోనే ఆ యిద్దఱికి మూడవవాడు తోడైనాడు. కైరోకడ హీలియోపొలిసు నగరమున భవనములు కట్టి పేరొందిన బెల్జియము దేశస్థుడు ఎర్నెస్టు జాస్పరును సలహాదారుగా పిలిపించిరి.

సౌధమును యాత్రాచరిత్రగా చదువుట అతిశయోక్తి యనువారు దాని ముఖద్వారము నెదుట నిలువవలెను. ఎఱ్ఱవన్నె గల నల్లసేనపురాతి గోడల నడుమ ఎత్తైన ఆ ద్వారము కైరోలోని సుల్తాను హసను మదరసాను స్ఫురింపజేయును. పై చాపము మహమ్మదీయ సంప్రదాయము. క్రింది స్తంభములు ఎల్లోరా గుహలను జ్ఞప్తికి తెచ్చును. ఇల్లు విడిచిపోయినవారు ఇంటిని చూచుటకు నేర్చుకొని వచ్చిరనుటకు ఈ స్తంభములే ప్రమాణము. కాని అంతటను అతుకు కుదిరినదనుట పక్షపాతము. చాపమును స్తంభమును కలియుచోట రెండు వాక్యములు సంధి లేక ప్రక్కప్రక్కన నిలిచినట్లుండును. వీరాస్వామయ్యగారి కలగాపులగమును నిందించువారు ఈ రాతి కలగాపులగమును సమన్వయమని పొగడుట వింతయే.

మఱియు ఆ సౌధములో పాఠములు ఉర్దూలో జరిగెను. పల్లెనుండి వచ్చిన తెలుగు విద్యార్థి రాజ్యము దాటకయే భాష దాటవలసివచ్చెను. కృష్ణ దాటిన కాశీయాత్రికుల స్థితికి ఇది సరిగా వ్యతిరేకము. రాయప్రోలు సుబ్బారావుగారివంటివారు తెలుగు బోధించినది ఇట్టి చోటనే. ఆనాటి విద్యార్థుల జ్ఞాపకములను విదేశయాత్రల ప్రకరణమున చేర్చి చదువుటకు అడ్డేమియు లేదు.

కాశీయాత్రాచరిత్రకు 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు చేసిన పరిష్కరణము పండితుల యుపకారమునకు నేటికిని చాలియున్నది. ఇక నచ్చుపడు ప్రతిలో కృష్ణ మొదలు సికిందరాబాదు వఱకు గల మజిలీలకు ప్రత్యేకముగా నొక పటము వేసి, నాటి రాజ్యపు హద్దులను వేఱు రంగున చూపవలయును. దుబాసీ తన మిత్రునకు లెక్కగా చెప్పిన ఆమడలకు తగిన చోటు ఆ పటమే.