గది సరే, జీతం మాటేమిటి?

వర్జీనియా ఊల్ఫ్ 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' (1929) పాఠం చెప్పేటప్పుడు నేనూ గది గురించే మాట్లాడుతూ వచ్చాను. ఏడాదికి 500 పౌండ్లు ఎక్కడివని అడగలేదు. బొంబాయిలో గుర్రం మీంచి పడి చనిపోయిన మేనత్త రాసిచ్చిన డబ్బది. అంతకుముందు కథకురాలు కవర్ల మీద చిరునామాలు రాసి, పసిపిల్లలకు అక్షరాలు నేర్పి బతికింది.

ఆ పాఠం చెప్పే గెస్ట్ లెక్చరర్ ఇంకా అక్కడే ఉంది. యూజీసీ 2019లో ఆమెకు పీరియడుకు 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 అని నిర్ణయించింది. దాని పేరు 'గౌరవ వేతనం'. పాఠం తయారీ, పేపర్లు దిద్దడం, విద్యార్థినుల గోడు వినడం పీరియడు లెక్కలోకి రావు. ఇంటిచాకిరీని ప్రేమ అన్నట్టే ఈ అదనపు చాకిరీని గౌరవం అంటున్నారు.

ఊల్ఫ్ వారసత్వంతో దాటేసిన జీతం ప్రశ్నను స్త్రీవాద విమర్శ ఇప్పుడైనా అడగాలి.